అటక మీది కట్టలు

మియాపూర్,
22-11-1998

భూలక్ష్మికి,

ఎనిమిదేళ్ళ తర్వాత బావ ఉత్తరం రాశాడని చదవకుండా పొయ్యిలో పెట్టకు. పని ఉండి రాస్తున్నాను.

ఈ మాఘానికి నాకు డెబ్బై రెండు నిండుతాయి. పోయేలోపల ఇల్లు సర్దుకోవాలని నిర్ణయించుకున్నాను. సర్దుకోవడమంటే బట్టలు మడతపెట్టడం కాదు. అనంతపురం కలెక్టరాఫీసు రికార్డు రూములో ముప్ఫై ఒక్కేళ్ళు నేను చేసిన పని. అక్కడ ప్రతి కాగితానికీ ఒక గతి ఉండేది. ఎప్పటికీ ఉంచవలసింది ఆర్. డిస్. ఏడాది ఉంచి తగలబెట్టేది ఎల్. డిస్. వచ్చిన చోటికే తిప్పి పంపేది ఎన్. డిస్. ఇప్పుడు మా ఫ్లాటులో కుర్చీలకూ గిన్నెలకూ అన్నిటికీ అలాగే చీటీలు అంటించాను. మధుసూదన్ తన కాఫీ గ్లాసు మీద ఎల్. డిస్. అని చూసి, "నాన్నా, ఇందులో తాగొచ్చా, ఇప్పుడే తగలబెట్టాలా?" అన్నాడు. వాడు మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. దేన్నయినా చెరపడం వాడికి మీట నొక్కినంత పని.

మా మూడో అంతస్తులో ఒకాయన పోయాక కొడుకులు కుట్టు మిషను కోసం లిఫ్టు దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. అది చూసి బెదిరిన ముసలివాళ్ళంతా నా దగ్గరికి వస్తున్నారు. రికార్డుల్లాగా వాళ్ళ సామాను ఎర్ర గుడ్డలో మూటలు కట్టిస్తున్నాను, వీలునామాలు రాసిపెడుతున్నాను.

ఇక నీ సంగతి. మీ అక్క రత్నమ్మ పుట్టింటి సామాను, అంటే ఆ టేకు సందుగ, వెండి కుందులు, పట్టుచీరలు నా దగ్గరే ఉన్నాయి. పద్ధతి ప్రకారం అవి చెల్లెలికి రావాలి. పద్ధతి ప్రకారమే ఆమె కాసులపేరు నా ఇంటికి రావాలి. అది నీ దగ్గర ఉందని రత్నమ్మ తన నోటితో నాకు చెప్పింది, ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ. ఆమె పెద్దకర్మ నాడు పదిమందిలో నిన్ను అడిగాను. నువ్వు తల వంచుకుని నేల చూశావు. అదే జవాబు అనుకున్నాను.

ఈ సంగతి నా వీలునామాలో రాసి రిజిస్టరు చేయిస్తాను. అంతకుముందు నీకు ఒక అవకాశం ఇస్తున్నాను. నీ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటికీ జాబితా రాసి పంపు. ఏ గది, ఏ మూల, ఏ పెట్టె అన్నీ రాయాలి. నీకూ అరవై దాటాయి. ఇది నీకూ మంచిదే.

సుబ్బరాయుడు


తాడిపత్రి,
9-12-1998

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. మా ఇంట్లో ఇప్పుడు గ్యాసు.

మీరు అడిగినట్టే జాబితా రాస్తున్నాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, దిద్దడం మీకు ఇష్టం కదా.

వంటింట్లో స్టీలు గిన్నెలు, చిన్న రుబ్బురోలు, ఇడ్లీ రేకులు (ఒక గుంట చిల్లు). ముందు గదిలో నా కుట్టు మిషను, కత్తెరలు రెండు, ఊళ్ళోవాళ్ళు ఇచ్చి తీసుకుపోని జాకెట్టు గుడ్డలు ఒక సంచెడు. పడక గదిలో మంచం, ఆయన ఫోటో, ఆయన చేతికర్ర. బీరువాలో చీరలు, మనవరాలు రమ్య కోసం చేయించిన కమ్మలు. పెరట్లో నాపరాళ్ళు ఆరు, అవి బట్టలు ఉతకడానికి.

అటక మీద ఉన్నవి నావి కావు. అవి రాయలేదు.

కాసులపేరు నా దగ్గర లేదు. ఆ రోజు ఈ మాట చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

భూలక్ష్మి


మియాపూర్,
28-12-1998

భూలక్ష్మికి,

జాబితా బాగుంది. ఇడ్లీ రేకు చిల్లు కూడా వదల్లేదు. కానీ అటక దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. నీవి కాకపోతే ఎవరివి? ఎవరివో చెప్పలేని సొత్తు ఒకరి ఇంట్లో ఉంటే దాన్ని ఏమంటారో నీకు తెలుసు.

మొన్న పుప్పాలగూడ వెళ్ళాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తల్లి కొమురమ్మ అక్కడ ఉంటుంది. వాళ్ళ మెట్ట చెలక అమ్ముడుపోయింది, చుట్టూ బండలు పేలుస్తున్నారు. పాపం, ఆమెకూ సర్దిపెడదామని నా ఎర్ర గుడ్డలు పట్టుకుని పోయాను. నన్ను చూసి పకపకా నవ్వింది. "ఏంది సారూ, నేనింక సావనే లేదు, గిప్పుడే మూట కడ్తవా?" అంది. ఏది ఎవరికో చీటీ రాసిపెడితే తర్వాత గొడవ ఉండదమ్మా అన్నాను. "చీటీ ఎందుకు? గీ బిందె పెద్ద కోడలికి నా చేత్తోనే ఇస్త. ఇచ్చేటప్పుడు దాని మొఖం జూస్త. నీ కాయితం మొఖం జూస్తదా?" అంది. చదువులేని మనిషి. ఇలాంటివాళ్ళ వల్లే కోర్టులు నిండుతున్నాయి.

కాయితం ఏం చేస్తుందో నాకు తెలుసు. 1979లో నా విమర్శల పుస్తకం 'తూకపు రాళ్ళు' వచ్చింది. నీకు పుస్తకాల గొడవ పట్టదు కాబట్టి చెబుతున్నాను. కాచిగూడ ప్రెస్సు పెంటయ్య తనంత తానుగా ఉత్తరం రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేశాడు. ఏడాది తిరగకముందే వెయ్యి ప్రతులూ చెల్లిపోయాయి. అందులో మా అనంతపురం కవి రామచంద్రం గురించి ఒక వాక్యం ఉంది. "భార్య గాజులు అమ్మి అచ్చు వేయించుకున్న కవిత్వంలో గాజుల చప్పుడు తప్ప మరేమీ వినిపించదు." ఆ దెబ్బతో అతను మళ్ళీ కలం పట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాక్యం గుర్తొస్తే నాకు హాయిగా ఉంటుంది. తూచి రాసిన మాట అలా నిలిచిపోతుంది.

నీ గురించి రాసేది కూడా అలాగే నిలుస్తుంది. ఫిబ్రవరి మొదటి వారంలో రిజిస్ట్రేషను. అటక మీద ఏముందో ఈలోపల రాయి.

సుబ్బరాయుడు


తాడిపత్రి,
11-1-1999

బావగారికి,

అటక సంగతి అడగవద్దు. దాని గురించి అక్కకు మాట ఇచ్చాను. పోయేముందు ఆస్పత్రిలో ఆమె నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అడిగింది, మళ్ళీ ఇచ్చాను. పెద్దకర్మ నాడు నేను నేల చూసింది అందుకే. తల ఎత్తితే నోరు తెరుస్తానని భయం వేసింది.

ఆ రోజు తర్వాత ఏం జరిగిందో మీకు తెలియదు, మీరు అనంతపురం వదిలి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఇక్కడే ఉన్నాను. ఏ పెళ్ళికి పోయినా, ఆడవాళ్ళు నగలు మార్చుకునే గది దగ్గరికి రాగానే ఎవరో ఒకరు అడ్డం వచ్చి, "వదినా, లోపల ఉక్క, నువ్వు బయట గాలికి కూర్చో" అంటారు. ఎనిమిదేళ్ళుగా నాకు గాలి బాగానే తగులుతోంది.

సామాను నాకు వద్దు. అక్క సందుగ మీరే ఉంచుకోండి. ఎవరికిచ్చినా నేను అడగను. ఆ ఒక్క మాట మాత్రం రాయకండి. నోటితో అన్నది అన్నవాళ్ళతో, విన్నవాళ్ళతో పోతుంది. రాసింది పోదని మీరే అంటున్నారు.

కొమురమ్మ మాట నాకు నచ్చింది.

భూలక్ష్మి


మియాపూర్,
6-2-1999

భూలక్ష్మికి,

వీలునామా నిన్న రిజిస్టరయింది. నకలు జతపరిచాను. నాలుగో పేరా చూడు.

"నా భార్య కీర్తిశేషురాలు రత్నమ్మకు చెందిన కాసులపేరును ఆమె చెల్లెలు భూలక్ష్మి అపహరించినందున, రత్నమ్మ పుట్టింటి సామానులో సదరు భూలక్ష్మికి గాని ఆమె సంతతికి గాని ఎటువంటి హక్కూ లేదు."

చనిపోయినవాళ్ళకు ఇచ్చిన మాట వెనక దాక్కోవడం చాలా తేలిక. వాళ్ళు వచ్చి కాదనలేరు. ఈ పేరా ఆర్. డిస్.

సుబ్బరాయుడు


తాడిపత్రి,
3-3-1999

బావగారికి,

నకలు అందింది. కళ్ళజోడు పగిలి ఉంటే రమ్య చేత చదివించుకున్నాను. పదో తరగతి పిల్ల, గడగడా చదువుతూ నాలుగో పేరాలో నా పేరు దగ్గర ఆగింది. "అవ్వా, అపహరించడమంటే దొంగతనమే కదా?" అని అడిగింది. నేను మిషను మీది గుడ్డ సర్దుకుంటూ ఉండిపోయాను. అది కాగితం మడిచి నా చేతిలో పెట్టి పెరట్లోకి పోయింది. ఆ తర్వాత వారం రోజులు బీరువాలో తన కమ్మలు ఉన్నాయో లేదో నాకు తెలియకుండా చూసుకుంది. నాకు తెలిసింది.

అక్కకు మనసులోనే చెప్పుకుని, మనిషిని పిలిచి అటక మీది నుంచి ఒక కట్ట దింపించాను. లారీ పార్సిల్లో పంపాను, రసీదు ఇందులో ఉంది. మీ లెక్కలో అది ఎన్. డిస్. పురికొస కూడా విప్పలేదు. అలాంటివి ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. పై కాగితం మీద పేరు ఉంది, 'తూకపు రాళ్ళు' అని.

అక్క ఒకసారి యాదగిరిగుట్ట మొక్కు ఉందని చెప్పి నన్ను తోడు తీసుకుని బయలుదేరింది, గుర్తుందా? మేము గుట్టకు పోలేదు. కాసులపేరు అమ్మి కాచిగూడలో ప్రెస్సుకు పోయాము. అంతకుముందు మూడేళ్ళు మీరు ఆ రాతల కట్టను ఎవరెవరికో పంపడం, అది తిరిగి రావడం, వచ్చిన ప్రతిసారీ మీరు అన్నం ముందు నుంచి లేచిపోవడం. "ఆయన లేచిపోతే విస్తరి అలాగే ఉంటుందే, చూడలేకున్నా" అని నాతో అనేది. అచ్చయ్యాక మీకు ఒక కట్ట ఇచ్చారు. మిగిలినవి ఎవరూ కొనక, తీసుకుపొమ్మని ప్రెస్సాయన కబురు చేస్తే మా అటక ఎక్కించింది. చెల్లిపోయాయని మీకు రాయించింది.

కాసులపేరు భూలక్ష్మి దగ్గర ఉందని అక్క మీతో అన్నది అందుకే. ప్రతి వానాకాలం చెదలు పట్టకుండా వేపాకు వేశాను. చదవలేదు. "వద్దులే, ఆయన అందర్నీ తిట్టినాడు, చదివితే నీకు కోపం వస్తుంది" అంది అక్క.

మాట తప్పాను. ఇంక మీ ఇష్టం.

భూలక్ష్మి


మియాపూర్,
25-4-1999

అమ్మా భూలక్ష్మీ,

ఈ ఉత్తరం ఇప్పటికి చాలాసార్లు మొదలుపెట్టి చించాను.

కట్ట వచ్చిన వారం దాకా విప్పలేదు. నువ్వు అబద్ధమాడుతున్నావని రుజువు చేయాలని పెంటయ్యను వెతుక్కుంటూ పోయాను. చూశావా, అప్పటికీ నా బుద్ధి అదే. అతను ఇప్పుడు శేరిలింగంపల్లి స్టేషను వెనక కూతురు శ్రీలత ఇంట్లో ఉంటున్నాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "ఆమెకు మాటిచ్చిన సారూ, నన్ను అడగకుండ్రి" అన్నాడు. నేను ఇంకా ఏమీ అడగలేదు.

రత్నమ్మ పోయి ఎనిమిదేళ్ళు దాటిందని చెప్పాను. లేచి లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాడు.

"నలభై మూడో పేజీల గాజుల మాట ఉన్నది జూడు, గది అచ్చుకు తయారున్న నాడే ఆమె పైసలు పట్టుకొని వచ్చింది. మెడల పసుపుతాడు తప్ప ఏం లేదు. నాకు మనసొప్పలే. గీ లైను తీసేద్దామమ్మా అని చదివి వినిపించిన. జర సేపు సోంచాయించింది. 'వద్దులేన్నా, తీసేస్తే ఆయనకు అనుమానం వస్తాది, ఉండనీ' అన్నది."

"నువ్వు నాకు రాసిన ఉత్తరమో?" అన్నాను.

ఆ ఉత్తరం సంగతి నీకు తెలుసో లేదో. "తమవంటి వారి రచన అచ్చు వేయడం మా ప్రెస్సుకు దొరికిన అదృష్టం" అని ఉంటుంది. అద్దం కట్టించి ఇరవై ఏళ్ళుగా గోడకు తగిలించుకున్నాను. మొన్న దానికి ఆర్. డిస్. చీటీ కూడా అంటించాను.

"ముందుగాల ఆమెనే కబురు పెట్టి చెప్పింది, నేను రాసిన" అన్నాడు పెంటయ్య.

నా రాతలకు ఈ జన్మలో వచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది. అది నా భార్య చెప్పి రాయించినది. ఆ బలం చూసుకుని నేను ఎంతమందిని తూచానో నీకు తెలియదు. రామచంద్రం ఒక్కడే కాదు.

గాజుల వాక్యం చదివినప్పుడు నువ్వు కూడా పక్కనే ఉన్నావట. ఆ సంగతి నీ ఉత్తరంలో లేదు. నేను నీ గురించి నాలుగో పేరా రాసిన తర్వాత కూడా నన్ను కొంచెం కాపాడావు. నీ ఉత్తరంలో చదివిన దానికంటే, నువ్వు అందులో రాయనిది నాకు ఎక్కువ సిగ్గు తెచ్చింది. మధుసూదన్‌కు ఇంతవరకు చెప్పలేదు. చీటీలన్నీ నేనే పీకేస్తుంటే, "ఏమైంది నాన్నా?" అన్నాడు. జిగురు మంచిది కాదని చెప్పాను.

పాత వీలునామా రద్దు చేసి కొత్తది రిజిస్టరు చేయించాను. కానీ గుమాస్తా బల్ల మీద చేసిన పని పెళ్ళివారి గది గుమ్మం దాకా రాదని తెలుసు. ఏం చేయమంటావో చెప్పు.

సుబ్బరాయుడు


తాడిపత్రి,
10-5-1999

బావగారికి,

ఆషాఢంలో అక్క తద్దినం ఈసారి తాడిపత్రిలో మా ఇంట్లో పెట్టండి. ఆ పెద్దకర్మకు వచ్చినవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. మా అమ్మ చెల్లెలు బుచ్చమ్మ పిన్నమ్మ కూడా ఉంది. అందరినీ పిలుస్తాను. అప్పుడు పదిమందిలో అన్నారు, ఇప్పుడూ పదిమందిలోనే చెప్పండి.

కొమురమ్మ లాగా, మొఖాలు చూసి.

భూలక్ష్మి


తాడిపత్రి,
24-7-1999

బావగారికి,

క్షేమంగా చేరారని తలుస్తాను. అక్క సందుగ మీరు బస్సు మీద వేసుకుని తెస్తారని అనుకోలేదు. పట్టుచీరల మధ్య ఆమె వాసన ఇంకా ఉంది.

మీరు రావడం పెద్ద సంగతే. అయినా ఒక మాట రాయక తప్పదు. భోజనాలయ్యాక మీరు లేచి, జేబులోంచి కాగితం తీసి చదివారు. "గతంలో ఒకానొక సందర్భంలో అపోహవశాత్తు నా నుండి వెలువడిన వ్యాఖ్యల పట్ల విచారం వ్యక్తపరుస్తున్నాను" అని. మంచి మాటలే అయ్యుంటాయి. మీరు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. చదవడం అయ్యాక కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

మీ బస్సు కదిలాక బుచ్చమ్మ పిన్నమ్మ నన్ను పిలిచింది. ఆమెకు చెవుడని తెలుసు కదా.

"ఏం సదివినాడమ్మే అల్లుడు? పెండ్లి పత్రికా?"

"కాదు పిన్నమ్మా."

"మరేమి? ఇల్లేమన్నా అమ్ముతాండాడా?"

చుట్టూ చెవులు బాగా వినిపించేవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళూ నా మొఖమే చూస్తున్నారు, వాళ్ళకూ తెలియలేదు. నేను దొంగను కాదని నా నోటితో నేనే చెప్పుకోవాలా? ఏమీ లేదులే అని తాంబూలం ఇచ్చాను. పిన్నమ్మ వెళ్ళేముందు తన సంచి విప్పి, లోపల చెయ్యి పెట్టి, అన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకుంది. నా ఎదురుగానే.

మీకు చాలా మాటలు వచ్చు బావగారూ. అన్ని మాటలు రాకపోయుంటే ఆ రోజు తిన్నగా చెప్పేవారేమో.

మిగతా కట్టలు ఏం చేయాలో చెప్పండి. రమ్య ఒక పుస్తకం తీసి చదువుతోంది. నలభై మూడో పేజీ ఇంకా రాలేదు.

భూలక్ష్మి


మియాపూర్,
2-8-1999
(కార్డు)

బుచ్చమ్మత్తకు,

కావాలనే కవరులో పెట్టలేదు. కార్డు తెచ్చిన పోస్టుమాన్ గారు దయచేసి వాకిట్లోనే నిలబడి గట్టిగా చదవాలి. అత్తకు చెవుడు.

అత్తా, ఆ రోజు నేను చదివింది పెండ్లి పత్రిక కాదు. ఇల్లు అమ్మడం లేదు.

భూలక్ష్మి దొంగ కాదు. రత్నమ్మ కాసులపేరు ఆమె తీయలేదు. రత్నమ్మే అమ్మింది. నా పుస్తకం అచ్చు వేయించడానికి అమ్మింది. ఆ పుస్తకం ఎవరూ కొనలేదు. కొన్నారనుకుని ఇరవై ఏళ్ళు విర్రవీగాను. ఏమీ తెలుసుకోకుండా భూలక్ష్మిని పదిమందిలో దొంగ అన్నాను. ఆమెకు అంతా తెలుసు. మీ అక్క కూతురు, రత్నమ్మకు ఇచ్చిన మాట కోసం నోరు మూసుకుని ఆ మాట పడింది. తప్పు నాది.

ఆ రోజు ఉన్న అందరికీ ఇదే కార్డు రాస్తున్నాను. నలభై మూడో పేజీ కోసం రామచంద్రానికి వేరే రాశాను. మా మధుకు రాయలేదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను.

భూలక్ష్మి మీ ఇంటికి వచ్చినప్పుడు సంచి తడుముకోవద్దు. లోపలికి పిలిచి కూర్చోబెట్టు.

వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. అటక మీది కట్టలు నేనే దింపుకోవాలి. ముందు నీ వాకిట్లోకి వస్తాను. కాగితం తీసుకురాను. నీ మొఖం చూసి ఇదంతా చెబుతాను. వినపడకపోతే మళ్ళీ చెప్పమను. వీధి వీధంతా వినపడినా సరే, నీకు వినపడేదాకా అరుస్తాను.

నీ అల్లుడు
సుబ్బరాయుడు